దయగల దేవుడు, ముగింపు లేని నరకం: కతోలిక శ్రీసభ అసలేం చెబుతోంది?

2014 మార్చి 21న రోమ్‌లోని ఒక చర్చిలో, మాఫియా చేతుల్లో చనిపోయినవాళ్ల కుటుంబాలతో కలిసి పోప్ ఫ్రాన్సిస్ ప్రార్థన చేశారు. మాఫియా వాళ్లను ఉద్దేశించి ఆ రోజు ఆయన అన్న మాట సూటిగా ఉంది. మారండి, నరకం పాలు కాకుండా ఉండటానికి ఇంకా టైముంది, ఇదే దారిలో పోతే మీకోసం కాచుకుని ఉన్నది అదే అన్నారు. దాదాపు పదేళ్ల తర్వాత, 2024 జనవరి 14న, ఒక ఇటలీ టీవీ కార్యక్రమంలో నరకం గురించి అడిగితే ఆయనే మరోలా మాట్లాడారు. ఇది విశ్వాస సిద్ధాంతం కాదు, నా సొంత మాట అని ముందే చెప్పి, నరకం ఖాళీగా ఉందని అనుకోవడం తనకు ఇష్టమనీ, అలాగే ఉండాలని ఆశిస్తున్నాననీ అన్నారు.

మొదటి మాట వింటే దయ ఎక్కడుంది అనిపిస్తుంది. రెండోది వింటే న్యాయం ఎక్కడుంది అనిపిస్తుంది. కతోలిక సిద్ధాంతంలో మాత్రం ఈ రెంటికీ చోటుంది. ఆ చోటు ఎంత, దాని హద్దులు ఎక్కడ అన్నదే ఇక్కడి విషయం. నరకం మీద జరిగే వాదనల్లో మంట ఎంత వేడి అన్నది నిజానికి చిన్న సంగతి. అసలు చిక్కంతా అక్కడి నుంచి తిరిగి రాలేకపోవడంలో ఉంది.

## శ్రీసభ చెప్పే నరకం ఏది, చెప్పనిది ఏది

1992లో వెలువడిన కతోలిక శ్రీసభ (చర్చి) సత్యోపదేశం, అంటే సిద్ధాంతాన్ని పేరాల వారీగా వివరించే అధికారిక గ్రంథం, నరకానికి ఇచ్చిన నిర్వచనంలో నూనె బాణలీ లేదు, భటులూ లేరు. దేవుడితో, మోక్షవాసులతో ఉండాల్సిన బంధం నుంచి మనిషి తనను తానే ఖాయంగా వెలివేసుకున్న స్థితి నరకం అంటుంది 1033వ పేరా. ఆ స్థితి ఉందనీ, అది శాశ్వతమనీ 1035వ పేరా గట్టిగా చెబుతుంది. ‘నిత్యాగ్ని’ అన్న మాట కూడా అక్కడ ఉంది, కానీ ప్రధాన శిక్ష దేవుడికి ఎప్పటికీ దూరం కావడమేనని వెంటనే వివరిస్తుంది. దేవుడు ఎవరి నుదుటా నరకం రాసిపెట్టడని 1037వ పేరా అంటుంది. 1999 జులై 28న పోప్ రెండవ జాన్ పాల్ కూడా నరకాన్ని ఒక చోటు అనేకంటే, దేవుణ్ణి కావాలని, ఖాయంగా వదులుకున్నవాళ్ల స్థితిగా అర్థం చేసుకోవాలని చెప్పారు.

చెప్పని సంగతి కూడా అంతే ముఖ్యం. ఫలానా మనిషి నరకంలో ఉన్నాడని శ్రీసభ ఇంతవరకూ ఎవరి గురించీ ప్రకటించలేదు. పునీతులుగా (సెయింట్లుగా) వేలమందిని ప్రకటించింది, అంటే వాళ్లు మోక్షంలో ఉన్నారని పేర్లతో సహా చెప్పింది. రెండో వైపు అలాంటి జాబితా లేదు. క్రీస్తును పట్టించిన యూదా ఇస్కరియోతు పేరు కూడా అధికారికంగా అందులో చేర్చలేదు.

తెలుగు పాఠకులకు ఇక్కడ ఒక తికమక సహజం. మనకు అలవాటైన నరకం గరుడ పురాణంలోది. చిత్రగుప్తుడి చిట్టా, యమభటులు, రకరకాల యాతనలు అన్నీ ఉన్నా, దానికి ఒక ముగింపుంది. పాపఫలం అనుభవించాక జీవుడు మళ్లీ పుడతాడు. కతోలిక ఆలోచనలో దీనికి దగ్గరగా ఉండేది నరకం కంటే ఉత్తరించు స్థలం. దేవుణ్ణి కాదనకుండానే, ఇంకా మలినంతో చనిపోయినవాళ్లు అక్కడ శుద్ధి పొందుతారు, అందరూ చివరికి మోక్షానికే చేరతారు. నవంబరు 2న సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించి చేసే ప్రార్థనలు వీళ్ల కోసమే. (ముగింపు లేని నరకం అన్న ఆలోచన భారతీయ వేదాంతంలో అసలు లేదనీ అనలేం. 13వ శతాబ్దపు మధ్వాచార్యుల ద్వైతంలో కొన్ని జీవులకు శాశ్వతమైన అంధతమస్సు ఉంది. ఆ సంప్రదాయంలో కూడా దీని మీద వాదోపవాదాలు తక్కువేం కాదు.)

మన ఊళ్లలో ఉజ్జీవ సభల మైకుల్లో వినిపించే నరకం కూడా కతోలిక నరకంతో పూర్తిగా సరిపోలదు. బాప్టిస్టు, లూథరన్, పెంతెకొస్తు సంఘాలు ఉత్తరించు స్థలాన్ని ఒప్పుకోవు. చనిపోయిన వెంటనే రెండే దారులు ఉండటానికీ, మధ్యలో శుద్ధికి చోటుండటానికీ తేడా చాలా ఉంది. 2007లో పోప్ పదహారవ బెనెడిక్ట్ ఆశ గురించి రాసిన విశ్వలేఖ (శ్రీసభ అంతటికీ పోప్ రాసే బోధనా లేఖ) ప్రకారం, ఎక్కువమంది మనుషులు పూర్తి నలుపూ కాదు, పూర్తి తెలుపూ కాదు. సత్యం వైపు, ప్రేమ వైపు ఏదో ఒక తెరుపు వాళ్ల లోపల మిగిలే ఉంటుంది, మీద మాత్రం రాజీల మురికి పేరుకుపోతుంది. ఉత్తరించు స్థలం ఇలాంటి వాళ్లకే.

## ఒకే పని, ముగ్గురు మనుషులు

మరి నరకానికి దారి తీసేదేమిటి? చావైన పాపం, అదీ పశ్చాత్తాపం లేకుండా చివరిదాకా దాన్ని పట్టుకుని వేలాడితే. ఆ పాపానికి మూడు షరతులు ఒకేసారి కలవాలి. విషయం తీవ్రమైనది కావాలి. తీవ్రమని మనిషికి పూర్తిగా తెలిసుండాలి. తెలిసీ, ఎవరి బలవంతం లేకుండా చేసుండాలి.

ఒక ఉదాహరణ అనుకుందాం. పిల్లల దగ్గు మందులో విషం కలిసిందని రిపోర్టు చూశాక కూడా ఒక వ్యాపారి ఆ సరుకు అమ్మేశాడు. అతని దుకాణంలో కుర్రాడు ఏమీ తెలియకుండా అవే సీసాలు అందించాడు. గుమస్తాకి సంగతి తెలుసు, కానీ నోరు విప్తే నీ పిల్లల్ని బతకనివ్వం అని బెదిరించారు, అతను బిల్లులు రాస్తూనే ఉన్నాడు. చనిపోయిన పసివాళ్ల విషయంలో ముగ్గురి చేతులూ ఉన్నాయి. కతోలిక లెక్కలో కుర్రాడికి రెండో షరతు లేదు. గుమస్తాకి మూడో షరతు బలహీనపడింది. తప్పు పోలేదు గానీ, భయం దాని బరువు తగ్గించింది. వ్యాపారికి మూడూ ఉన్నట్టు కనిపిస్తోంది. శ్రీసభ సరిగ్గా ఆ ‘కనిపిస్తోంది’ దగ్గర ఆగిపోతుంది. పని ఘోరమైనదని తీర్పు చెప్పవచ్చు, మనిషి లోపల ఏం జరిగిందన్న తీర్పు దేవుడికి వదలాలి అన్నది 1861వ పేరా.

ఈ సూత్రం కాగితం మీదే ఉండిపోలేదు. ఆత్మహత్య విషయం చూడండి. తెలిసి, ఆలోచించి ప్రాణం తీసుకున్నవాళ్లకు చర్చి అంత్యక్రియలు ఉండవని 1917 నాటి శ్రీసభ చట్టం చెప్పేది. 1983 చట్టం ఆ నిషేధాన్ని తీసేసింది. తీవ్రమైన మానసిక బాధ, భయం మనిషి బాధ్యతను తగ్గిస్తాయనీ, అలా వెళ్లిపోయినవాళ్ల రక్షణ గురించి నిరాశ పడకూడదనీ సత్యోపదేశం ఇప్పుడు చెబుతుంది. 19వ శతాబ్దపు ఫ్రెంచి గురువు (ఫాదర్), పునీత జాన్ మరియ వియాన్ని గురించి ఒక కథ చెప్పుకుంటారు. వంతెన మీద నుంచి దూకిన భర్త గతి తలచుకుని కుమిలిపోతున్న ఒక విధవరాలితో ఆయన, వంతెనకూ నీళ్లకూ మధ్య పశ్చాత్తాపపడే టైం అతనికి దొరికిందని అన్నారట. చట్టం మారకముందే ఒక పల్లెటూరి గురువు మనసు ఎటుందో ఈ కథ చెబుతుంది.

## గట్టిపడ్డ చోట్లు, మెత్తబడ్డ చోట్లు

మత్తయి సువార్త 25వ అధ్యాయంలో ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టనివాళ్లు నిత్యశిక్షకు, పెట్టినవాళ్లు నిత్యజీవానికి వెళతారని ఉంది. దేవుడు అందరూ రక్షణ పొందాలని కోరుకుంటున్నాడని తిమోతికి రాసిన మొదటి లేఖలో ఉంది. రెండు వేల ఏళ్ల తర్జనభర్జన ఈ రెండు వాక్యాల మధ్యే తిరిగింది.

మూడో శతాబ్దంలో అలెగ్జాండ్రియాకు చెందిన వేదాంతి ఒరిజెన్, చివరికి సృష్టి అంతా దేవుడి దగ్గరికి తిరిగి చేరుతుందని ఊహించాడు. అతని పేరుతో ముడిపడిన బోధల్ని ఆరో శతాబ్దంలో తప్పుగా తేల్చారు. అదే ఆశను పంచుకున్న నిస్సా గ్రెగొరీ మాత్రం ఇప్పటికీ పునీతుడే. పడమటి క్రైస్తవంలో గెలిచిన గొంతు అగస్టీన్‌ది (354–430). నరకం ఎప్పటికైనా ముగుస్తుందని ఆశపడే తోటి క్రైస్తవుల్ని ఆయన దయగల మనసున్నవాళ్లు అంటూనే ఒప్పుకోలేదు. 1215లో బిషప్పులు కూడిన నాలుగో లాతరన్ మహాసభ శాశ్వత శిక్షను విశ్వాస ప్రకటనలో చేర్చింది. చావైన పాపంలో చనిపోయినవాళ్లు వెంటనే నరకానికి పోతారని 1336లో పోప్ పన్నెండవ బెనెడిక్ట్ ప్రకటించారు.

1442లో ఫ్లోరెన్స్ మహాసభ ఇంకో అడుగు వేసింది. శ్రీసభ బయట ఉన్నవాళ్లు, అన్యులు, యూదులు, చనిపోయేలోపు అందులో చేరకపోతే నిత్యాగ్నికే అన్నది దాని ప్రకటన. కతోలికులు కాని తెలుగువాళ్లు మొదట అడిగే ప్రశ్న ఇదే కాబట్టి, తర్వాత ఏమైందో కాస్త చూడాలి. ఈ వాక్యాన్ని అక్షరాలా పట్టుకున్న బోస్టన్ గురువు లెనార్డ్ ఫీనీని రోమ్ 1953లో వెలివేసింది. అధికారిక కారణం అవిధేయత అయినా, అతని వ్యాఖ్యానం తప్పని రోమ్ అప్పటికే రాసి పంపింది. 1964లో రెండవ వాటికన్ మహాసభ, తమ తప్పేమీ లేకుండా సువార్త తెలియనివాళ్లు నిజాయితీగా దేవుణ్ణి వెతికితే, అంతరాత్మ చెప్పినట్టు నడిస్తే, వాళ్లకు రక్షణ సాధ్యమేనని చెప్పింది. దేవుణ్ణి స్పష్టంగా ఎరగనివాళ్లను కూడా అందులో చేర్చింది. పాతమాటను కొట్టేయలేదు, దాని లోపల తలుపులు తెరిచింది అంటారు వేదాంతులు. మాట మారిందనే నాకు అనిపిస్తుంది. సిద్ధాంతం లోతుగా అర్థమైందని వాళ్లు దాన్ని పిలుస్తారు, అంతే.

## డెబ్బై ఏళ్ల పాపానికి అంతులేని శిక్షా?

కరుణ వైపు నుంచి వచ్చే మొదటి అభ్యంతరం లెక్కకు సంబంధించింది. మనిషి ఎంత దుర్మార్గుడైనా, చేసిన కీడుకు ఒక కొలత ఉంటుంది. కొలతలేని శిక్ష దానికి ఎలా సరిపోతుంది?

మధ్యయుగాల జవాబు, పాపం బరువు ఎవరి పట్ల చేశామన్నదాన్ని బట్టి ఉంటుందని. అనంతుడైన దేవుడి పట్ల చేసింది కాబట్టి దాని బరువూ అనంతమే. రాజును కొట్టినవాడికి ఒక శిక్ష, కూలివాణ్ణి కొట్టినవాడికి ఇంకో శిక్ష ఉన్న కాలంలో ఇది సహజంగా తోచింది. చట్టం ముందు అందరూ సమానమని పెరిగిన మనకు ఇది ఎక్కదు. ఈ కాలపు కతోలిక రచయితలు ఎక్కువగా వాడే జవాబు వేరు. నరకంలో ఉన్నవాడు తన తిరస్కారాన్ని ఆపడు, పాపం ఆగదు కాబట్టి శిక్షా ఆగదు. ఇది మొదటిదానికంటే బలమైనదే. అయితే, అతను ఎందుకు ఆపలేడన్న ప్రశ్నను ఇది ముందుకు తోస్తుంది. దాని దగ్గరికి తర్వాత వద్దాం.

రెండో అభ్యంతరం: ఎవరు నశిస్తారో దేవుడికి ముందే తెలిస్తే, వాళ్లను పుట్టించడం ఎందుకు? ఎనిమిదో శతాబ్దపు డమాస్కస్ యోహాను, తమ ఇష్టంతో చెడిపోబోయేవాళ్లున్నారని దేవుడు సృష్టించడం మానేస్తే చెడు దేవుడి మంచితనాన్ని గెలిచినట్టే అన్నాడు. తెలివైన మాటే. నశించినవాడి వైపు నుంచి చూస్తే మాత్రం ఓదార్పేమీ లేదు.

మూడోది అన్నిటికంటే మనసును తాకేది. కొడుకు నరకంలో ఉంటే తల్లి మోక్షంలో ఎలా సుఖంగా ఉంటుంది? మోక్షవాసులు నరకవాసుల మీద జాలిపడరనీ, అక్కడ వెల్లడయ్యే దేవుడి న్యాయాన్ని చూసి సంతోషిస్తారనీ వేదాంతి థామస్ అక్వినాస్ (1225–1274) రచనల నుంచి ఆయన పోయాక శిష్యులు కూర్చిన అనుబంధంలో ఉంది. దీన్ని సమర్థించేవాళ్లు ఇప్పుడు చాలా తక్కువ. అదే అక్వినాస్ మరోచోట, నరకంలో కూడా దేవుడి దయ కొంత కనిపిస్తుంది, ఎందుకంటే అక్కడి శిక్ష ఎప్పుడూ తగినంతకంటే తక్కువే ఉంటుందని రాశాడు. ఆయన్ను తిట్టేవాళ్లు గానీ పొగిడేవాళ్లు గానీ ఈ రెండో వాక్యాన్ని పెద్దగా ఎత్తరు.

## బాధితుల వైపు నుంచి చూస్తే

శ్రీసభ వాదనలో నన్ను ఆపి ఆలోచింపజేసేది ఇది. కరుణ అనగానే మనం నేరస్తుడి మీద కరుణ గురించే మాట్లాడతాం. బాధితుల సంగతి? కృప న్యాయాన్ని తుడిచేయదని 2007 విశ్వలేఖలో బెనెడిక్ట్ రాశారు. చివరి విందులో హంతకులు, తాము చంపినవాళ్ల పక్కనే ఏమీ జరగనట్టు కూర్చోరు అన్నది ఆయన మాట. మాఫియా బాధిత కుటుంబాల ముందు ఫ్రాన్సిస్ నరకం మాట ఎత్తడం కూడా ఈ కోణంలోంచే అర్థమవుతుంది. ఆ చర్చిలో కూర్చున్నవాళ్లకు, చివరికి అందరూ బాగానే ఉంటారన్న మాట ఓదార్పు కాదు.

దీనికి ఎదురుగా పెట్టాల్సిన నిజమైన కేసు ఒకటుంది. 1887 మార్చిలో పారిస్‌లో ఇద్దరు స్త్రీలనూ ఒక బాలికనూ చంపినందుకు ఆన్రీ ప్రాన్జినీ అనే అతనికి మరణశిక్ష పడింది. అతను పశ్చాత్తాపం చూపలేదు. ఎక్కడో లిజియోలో ఉన్న 14 ఏళ్ల తెరేజ, మనవాళ్లు చిన్న తెరేజమ్మ అని పిలుచుకునే పునీత, అతని కోసం పట్టుబట్టి ప్రార్థించింది. ఆగస్టు 31న గిలటిన్ దగ్గర, చివరి క్షణంలో, అతను గురువు చేతిలోని సిలువను ముద్దుపెట్టుకున్నాడు. తెరేజ అది పేపర్లో చదివి తన ప్రార్థన ఫలించిందని నమ్మింది.

కతోలిక దృష్టిలో ఆ ముద్దు నిజమైన పశ్చాత్తాపమైతే అతనికి నరకం లేదు. మరి చనిపోయిన ముగ్గురికి న్యాయం? సిద్ధాంతం ఇక్కడ ఉత్తరించు స్థలాన్ని చూపిస్తుంది. క్షమాపణ దొరికింది, కానీ చేసిన పని నిజాన్ని అతను ఎదుర్కోక తప్పదు. అంటే బాధితుల న్యాయం కోసం ముగింపు లేని నరకమే అక్కర్లేదు, ముగింపున్న శుద్ధి చాలవచ్చు. బెనెడిక్ట్ వాదన నరకం అవసరాన్ని పూర్తిగా రుజువు చేయదని నేను అనుకోవడానికి కారణం ఇదే. తీర్పు ఉండాలని మాత్రం అది బలంగా రుజువు చేస్తుంది.

## చావు తర్వాత మారే వీలెందుకు లేదు

అసలు ముడి ఇక్కడుంది. దేవుడు ప్రేమను బలవంతంగా రుద్దడు, కాబట్టి కాదనే స్వేచ్ఛ ఉండాలి అన్నది శ్రీసభ ప్రధాన జవాబు. ఎవరినీ తోసేయలేదు, వాళ్లే వెళ్లారు. సరే. ఈ స్వేచ్ఛ చావుతో ఎందుకు ఆగిపోవాలి?

పాత వివరణ దేవదూతల పోలికతో నడుస్తుంది. దేవదూతలకు పతనం ఎలాంటిదో మనిషికి చావు అలాంటిదని డమాస్కస్ యోహాను అన్నాడు, సత్యోపదేశం ఆ మాటను తీసుకుంది. దేవదూత అంతా ఒకేసారి తెలిసి ఎంచుకుంటుంది కాబట్టి మనసు మార్చుకోవడానికి కొత్త కారణమేదీ ఉండదు. మనిషి శరీరంతో ఉన్నంతకాలం కోపం, ఆశ, అలసట అతన్ని అటూ ఇటూ తిప్పుతాయి. అందుకే మారగలడు. శరీరం వదిలాక ఏ చివరి కోరిక మీద నిలిచాడో అక్కడే స్థిరపడతాడని అక్వినాస్ అంటాడు. మరి కడపటి రోజున శరీరాలు మళ్లీ లేస్తాయి కదా, అప్పుడైనా మారవచ్చు కదా అంటే, అప్పుడు శరీరం ఆత్మ చెప్పినట్టు వింటుందే గానీ దాన్ని తిప్పలేదని ఆయన జవాబు.

ఒప్పుకోనివాళ్లు స్వేచ్ఛ అన్న మాటనే ప్రశ్నిస్తారు. బావి గట్టు మీద ఆడుతున్న పిల్లాడు లోపలికి వంగుతుంటే, వాడి ఇష్టాన్ని గౌరవించి ఊరుకునే తల్లి ఉండదు. తనకు తానే కోలుకోలేని నష్టం చేసుకోవడం అజ్ఞానం, రోగం అవుతుందే గానీ స్వేచ్ఛ కాదన్నది వాళ్ల వాదం. నిజంగా దేవుడే పరమానందమైతే, అది పూర్తిగా తెలిసినవాడు కాదనలేడు. కాదన్నాడంటే పూర్తిగా తెలియనట్టే, అంటే చావైన పాపానికి కావాల్సిన రెండో షరతే లేనట్టు. శ్రీసభ పక్షం దీనికి, మనుషులు పసిపిల్లలు కారనీ, తెలిసి తెలిసీ వెలుగును ద్వేషించడం చరిత్రలో చూశామనీ చెబుతుంది. సత్యం కోసం కోరికనే తమలో చంపుకున్న మనుషుల ఛాయలు మన చరిత్రలో భయపెట్టేలా కనిపిస్తాయని బెనెడిక్ట్ రాసింది ఇందుకే.

20వ శతాబ్దంలో హంగేరీ వేదాంతి లాదిస్లావుస్ బోరోస్ మధ్యేమార్గం ఒకటి ప్రతిపాదించాడు. చనిపోయే ఆ క్షణంలోనే ప్రతి మనిషికీ దేవుడు స్పష్టంగా ఎదురవుతాడు, జీవితంలో మొదటిసారి పూర్తి స్వేచ్ఛతో అప్పుడు ఎంచుకుంటాడు అని. ఇది అధికారిక బోధ కాదు. చాలా చిక్కులు విప్పుతుంది గానీ, అంతా ఆ క్షణంలోనే తేలితే ఇన్నేళ్ల బతుకు దేనికన్న ప్రశ్న మిగులుతుంది. ఈ ముడి దగ్గర శ్రీసభ ఇచ్చే ఏ వివరణా మిగతా చోట్ల ఇచ్చినంత గట్టిగా లేదు. చావుతో ఎంపిక ముగుస్తుందన్నది తర్కంతో తేల్చినదాని కంటే, సువార్త చెప్పిందని నమ్మి నిలబెట్టుకున్నది.

## ఖాళీ నరకం: తెలుసనడం వేరు, ఆశించడం వేరు

స్విట్జర్లాండ్ వేదాంతి హాన్స్ ఉర్స్ ఫాన్ బల్తజార్ (1905–1988) 1980లలో ఈ చర్చకు కొత్త గీత గీశాడు. అందరూ రక్షణ పొందుతారని తెలుసు అనడం తప్పు, అది శ్రీసభ తోసిపుచ్చిన మాట. అందరూ రక్షణ పొందాలని ఆశించడం మాత్రం తప్పు కాదు, పైగా అది మన విధి అన్నాడు. నరకం నాకు నిజమైన ప్రమాదం. పక్కవాడి విషయంలో నాకున్న హక్కు ఆశ ఒక్కటే. విమర్శలు వెల్లువెత్తాయి. రెండవ జాన్ పాల్ ఆయన్ను కార్డినల్‌గా ఎంపిక చేశారు, ఆ పదవి అందుకోవడానికి రెండు రోజుల ముందు ఆయన చనిపోయారు. ఫ్రాన్సిస్ టీవీలో అన్న మాట ఈ గీత లోపలే ఉంది.

ఎదుటి పక్షం తేలిగ్గా తోసేయదగింది కాదు. నాశనానికి పోయే దారి విశాలం, దాన్లో వెళ్లేవాళ్లు అనేకులు అని క్రీస్తే అన్నాడు, ‘ఎవరూ ఉండకపోవచ్చు’ అంటే ఆ హెచ్చరికకు అర్థమేమిటి? అగస్టీన్, అక్వినాస్ ఇద్దరూ రక్షణ పొందేవాళ్లే తక్కువమంది అనుకున్నారు, వాళ్లను ఇంత తేలిగ్గా దాటేస్తామా? ఖాళీ నరకం అన్న మాట వినీ వినీ జనం పాపసంకీర్తనానికి (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి) రావడం మానేస్తే బాధ్యులెవరు? ఇంకో సంగతి వాళ్లు గుర్తుచేస్తారు. కరుణ భక్తికి 20వ శతాబ్దంలో ప్రతీకగా నిలిచిన పోలండ్ సన్యాసిని ఫౌస్తీనా తన డైరీలో 1936 నాటి నరక దర్శనం కూడా రాసింది, అక్కడున్నవాళ్లలో ఎక్కువమంది నరకం లేదని నమ్మినవాళ్లేనని. 1917లో పోర్చుగల్‌లోని ఫాతిమాలో పిల్లలు చూశామన్నదీ అలాంటి దర్శనమే. ఇలాంటి దర్శనాలను నమ్మి తీరాలన్న నియమం కతోలికులకు లేదు. అయినా కరుణకూ నరకానికీ పొసగదన్న ఆలోచన ఈ భక్తులకు రాలేదన్నది గమనించాల్సిందే.

ఆ ఫాతిమా దర్శనంతో పాటే వచ్చిన చిన్న ప్రార్థనను జపమాలలో ప్రతి పది జపాల తర్వాత చెబుతారు, తెలుగు కతోలికుల ఇళ్లలోనూ చెబుతారు. మమ్మల్ని నరకాగ్ని నుంచి కాపాడమనీ, ఆత్మలన్నిటినీ, ముఖ్యంగా దయ ఎక్కువ అవసరమైనవాళ్లను మోక్షానికి చేర్చమనీ అందులో అడుగుతారు. జరగడం అసాధ్యమని తెలిస్తే ‘అన్నిటినీ’ అని దేవుణ్ణి ఎందుకు అడుగుతాం అంటారు బల్తజార్ వైపువాళ్లు. ఇది ఇంకా బతికి ఉన్నవాళ్ల కోసం, తీర్పు జరగనివాళ్ల కోసం అడిగేది, ఇప్పటికే నరకంలో ఎవరైనా ఉన్నారా లేదా అన్నదానికి దీంతో సంబంధం లేదు అంటారు ఎదుటివాళ్లు. ప్రార్థన మాత్రం ఇద్దరిదీ ఒకటే.